స్థలనామ శీర్షికలు – పఠనయాత్ర: అనంతపురం కరువుసీమ రచనల పరిశీలన

వ్యాససంగ్రహం

ఊరి పేరో, ఏటి పేరో శీర్షికగా ఉన్న పుస్తకం పాఠకుణ్ణి కూర్చున్న చోటు నుంచే ఆ ప్రదేశానికి చేరుస్తుందన్నది సాధారణాభిప్రాయం. అనంతపురం పీఠభూమికి సంబంధించిన కొన్ని ప్రసిద్ధ రచనల విషయంలో ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. వాటి శీర్షికల్లోని స్థలనామం గమ్యాన్ని కాక, ఆ స్థలం పోగొట్టుకొన్న దానిని సూచిస్తుంది. 'అనంతపురం చరిత్ర', 'ముసలమ్మ మరణం', 'పెనుగొండ లక్ష్మి', 'హంపీ నుంచి హరప్పా దాక', 'పెన్నేటి పాట', 'శప్తభూమి' అనే రచనల ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం, ఇటువంటి పఠనయాత్రకు గల హద్దులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: స్థలనామం, శీర్షిక, పఠనయాత్ర, అనంతపురం, పెన్న, కరువు.

1. ఉపోద్ఘాతం

ఇల్లు కదలకుండా యాత్ర చేయడం సాహిత్యానికి కొత్త కాదు. 1790లో ట్యూరిన్ నగరంలో గృహనిర్బంధంలో గడిపిన 42 రోజులను గ్జావియే ద మేస్త్ర్ అనే ఫ్రెంచి రచయిత 'నా గది చుట్టూ ప్రయాణం'గా మలిచాడు. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్ర 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినప్పటి నుంచి, కాశీ చూడని వారు ఎందరో ఆ పుస్తకం ద్వారా దారిలోని ఊళ్లను, సత్రాలను, నదులను చూశారు. మొదటి రచనలో కదలని మనిషి రచయిత, రెండవదానిలో పాఠకుడు.

తెలుగులో స్థలనామ శీర్షికలు స్థూలంగా రెండు విధాలుగా కనిపిస్తాయి. 'కాశీయాత్ర చరిత్ర'లో ఊరు గమ్యం. 'అమరావతి కథలు', 'మా పసలపూడి కథలు' వంటి వాటిలో ఊరు నివాసం. అక్కడ పాఠకుడు అతిథిగా ప్రవేశించి, కథకుడి వెంట వీధులు తిరిగి, మనుషులను పరిచయం చేసుకొని వెనుదిరుగుతాడు. ఈ రెండింటిలో ఇమడని మూడవ విధం ఒకటి ఉంది. దానికి బలమైన ఉదాహరణలు అనంతపురం పీఠభూమికి చెందిన రచనల్లో లభిస్తాయి.

2. పేరులో సముద్రం

ఈ పీఠభూమిపై నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకొంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇటువంటి నేలమీద విజయనగర కాలంలో తవ్వించిన చెరువును ఆనుకొని వెలసిన ఊళ్ల పేర్లు బుక్కరాయసముద్రం, అనంతసాగరం. తీరం చూడని నేల తన చెరువులకు సాగరమని, సముద్రమని పేర్లు పెట్టుకొన్నది. ఆ పేర్లు ఉన్న దానిని వర్ణించేవి కావు, కావలసిన దానిని పిలిచేవి. ఈ స్వభావమే తరువాతి కాలపు గ్రంథశీర్షికలలోనూ కనిపిస్తుంది.

ప్రాంతం మొత్తానికి పెట్టిన పేరు కూడా ఇటువంటిదే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ఈ జిల్లాలు చాలాకాలం 'దత్తమండలాలు'గానే పిలువబడ్డాయి. 1928లో నంద్యాల సభలో, అనంతపురం కళాశాలలో అధ్యాపకుడైన చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించాడు. ఒకరు మరొకరికి ఇచ్చివేసిన నేల అన్న గుర్తును తుడిచి, అంతరించిన రాజ్యస్మృతిని ఆ స్థానంలో నిలిపిన నామకరణమది. పేరు మారడంతో ప్రాంతం తన గురించి తాను చెప్పుకొనే కథ మారింది.

3. చదివి చేరిన ఊరు: 'అనంతపురం చరిత్ర' నుంచి 'ముసలమ్మ మరణం' దాకా

హండె వంశపు నాయకుల వృత్తాంతాన్ని తెలిపే 'అనంతపురం చరిత్ర'ను సి.పి. బ్రౌన్ ఆంగ్లంలోకి అనువదించి 1853లో మద్రాసులో ప్రకటించాడు. అనువాదానికి 'రాజుల యుద్ధాలు' అన్నది ప్రధానశీర్షిక, 'అనంతపురం చరిత్ర' అన్నది దానికి వివరణ. దూరదేశపు పాఠకుడికి అనంతపురమన్న పేరు ఏమీ చెప్పకపోవచ్చు, యుద్ధమన్న మాట చెబుతుంది. స్థలనామం ఎవరి కోసం అచ్చవుతున్నదో శీర్షికలోనే తెలుస్తుందనడానికి ఇది తొలి నిదర్శనం.

బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన ఈ చరిత్రలోని ఒక చిన్న ఘట్టమే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యానికి మూలం. చిత్తూరు ప్రాంతంలో పుట్టి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న పందొమ్మిదేళ్ల విద్యార్థి 1899లో, కళాశాల భాషాసంఘం నిర్వహించిన పోటీ కోసం దీనిని రచించాడు. ఆధునిక ఖండకావ్యాలకు ఆద్యమని పలువురు విమర్శకులు భావించే ఈ కావ్యం, ఊరిపేరున్న ఒక పుస్తకాన్ని చదవడం నుంచి పుట్టిందన్న సంగతి గమనార్హం. ఇక్కడ పఠనయాత్ర కాలక్షేపంగా ముగియలేదు, సృజనగా పరిణమించింది.

కథాంశం సుపరిచితమే. భారీ వర్షాలకు బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దైవవాక్కు వినిపిస్తుంది. ఆమె అత్తమామల వద్ద, భర్త వద్ద, పసిబిడ్డ వద్ద సెలవు తీసుకొని నీటిలో ప్రవేశిస్తుంది. కరువుకు పేరుపడిన నేల ఆధునిక కవిత్వంలో తొలుత నీటి ఉధృతితోనే ప్రవేశించింది. ఇది వైరుధ్యంగా తోచినా నిజానికి కాదు. వర్షం అరుదైన చోట చెరువే ఊరికి ప్రాణం. కట్ట తెగితే ఆ రోజు ముంపుతో పాటు ఏడాది పొడుగునా ఎండు తప్పదు. ముసలమ్మ త్యాగానికి గల ఈ ఆర్థిక మూలాన్ని గుర్తించని పఠనం ఆమెను ఉదాత్త స్త్రీపాత్రగా మాత్రమే చూడగలదు.

కావ్యశీర్షికలో ఊరిపేరు లేదు. స్థలచరిత్ర గ్రంథం నుంచి పుట్టిన కావ్యం స్థలనామాన్ని వదిలి వ్యక్తినామాన్ని గ్రహించింది. బుక్కరాయసముద్రం వద్ద జరిగింది దీనికి విపర్యయం. అక్కడ చెరువుకట్ట 'ముసలమ్మ కట్ట'గా వ్యవహారంలో ఉంది, ముసలమ్మ పూజలందుకొంటున్నది. గ్రంథంలో మనిషి పేరు స్థలాన్ని మరుగుపరిస్తే, ఊరిలో స్థలమే మనిషి పేరును ధరించింది. దూరం నుంచి చదివేవాడు మొదటిదానిని మాత్రమే ఎరుగుతాడు.

4. శిథిలాల మీదుగా

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యంలోనే రచించిన 'పెనుగొండ లక్ష్మి' తరువాతి కాలంలో ఆయనే రాసిన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా ఉండడం సాహిత్యలోకంలో తరచుగా చెప్పుకొనే విశేషం. 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర పాలకులకు రాజధాని అయిన పెనుగొండ, కవి బాల్యం నాటికి శిథిలదుర్గం. శీర్షికను 'పెనుగొండకు చెందిన లక్ష్మి' అని షష్ఠీ సమాసంగా చెప్పవచ్చు, 'పెనుగొండ అనే లక్ష్మి' అని కర్మధారయంగానూ చెప్పవచ్చు. మొదటి అర్థంలో లక్ష్మి ఊరిని విడిచిపోగలదు. రెండవ అర్థంలో ఊరే లక్ష్మి గనుక విడిచిపోవడం అసాధ్యం. పోయిన వైభవానికి విలపించడం, అది పోలేదని నమ్మడం అనే రెండు భావాల మధ్య ఊగిసలాట ఆ రెండు పదాలలోనే ఉంది. అయితే కావ్యదృష్టి ప్రధానంగా గతవైభవం మీద నిలిచినందువల్ల, దీని ద్వారా యాత్ర చేసే పాఠకుడికి కోట కనిపించినంతగా కోట దిగువన బతికే ఊరు కనిపించదు.

అనంతపురం జిల్లాలో జన్మించిన తిరుమల రామచంద్ర (1913–1997) ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక' 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఈ శీర్షికలో 'నుంచి', 'దాక' అన్నవి ప్రయాణానికి ఆది, అవధులను నిర్దేశిస్తాయి. కానీ రెండు చివరలా ఉన్నవి శిథిల నగరాలే. జీవితకథకు జన్మస్థలాన్నో, స్థిరపడిన నగరాన్నో ఎల్లలుగా పెట్టుకోవడం సహజం. లిపి చరిత్రను, పదాల పుట్టుకను జీవితాంతం అన్వేషించిన పండితుడు రెండు చారిత్రక స్థలాలను తన బతుకుకు సరిహద్దురాళ్లుగా నిలుపుకొన్నాడు. హంపీ కూడా ఈ ప్రాంతానికి పరాయిది కాదు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడే వరకు రెండూ బళ్లారి జిల్లాలోనివే. మరొక చివరన ఉన్న హరప్పా 1947 తరువాత పాకిస్తాన్‌లో చేరింది. ఈనాటి తెలుగు పాఠకుడికి ఆ శీర్షిక సూచించే మార్గం భూమిమీద తెగిపోయి, పుటల్లో మాత్రమే అవిచ్ఛిన్నంగా ఉంది. పఠనయాత్ర నిజమైన యాత్రకు ప్రత్యామ్నాయమన్న మాట ఇక్కడ సరిపోదు. సామాన్య పాఠకుడికి మిగిలిన దారి దాదాపు అదొక్కటే.

5. ఏటి విభక్తి: 'పెన్నేటి పాట'

'పెన్నేరు' శబ్దంలోని 'ఏరు' ఔపవిభక్తికం. 'టి' వర్ణకం చేరి 'పెన్నేటి' అవుతుంది. ఏరు కర్తగా నిలవక, తనకు చెందిన మరొకదానిని చెప్పడానికి మాత్రమే మిగిలిన రూపమిది. తరిమెలలో పుట్టి, మద్రాసులో పత్రికాజీవితం గడిపిన విద్వాన్ విశ్వం (1915–1987) తన కావ్యానికి 'పెన్న' అని కాక 'పెన్నేటి పాట' అని పేరు పెట్టాడు. నీరు లేని ఏటికి మిగిలిన ఆస్తి పాట ఒక్కటే. శీర్షికావ్యాకరణం, కావ్యవస్తువు ఒకదానికొకటి ఇంతగా అమరడం అరుదు.

నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్న హిందూపురం వైపు నుంచి ఈ నేలమీదికి వచ్చి, తాడిపత్రి, గండికోట, ప్రొద్దుటూరుల మీదుగా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. నెల్లూరు పాఠకుడికి పెన్న అంటే వరిమడి, ఎగువ పాఠకుడికి ఇసుక. ఒకే పేరు రెండు స్థలాలు. కావ్యం ఈ రెండవ పెన్నను చూపుతుంది. కూలీనాలీతో బతుకీడ్చే రంగడు, గంగమ్మ దంపతుల జీవితం ఇందులోని కథ. ఎండిన ఏటి ఒడ్డున ఆకలితో ఉన్న స్త్రీకి గంగ పేరు ఉండడం చెరువుకు సముద్రమని పేరు పెట్టిన సంప్రదాయానికి కొనసాగింపు. కాకపోతే అక్కడ ఆశ, ఇక్కడ అధిక్షేపం.

6. 'మా' లేని శీర్షికలు

తెలుగులో 'మా', 'మన' అనే భేదం స్పష్టం. 'మా' వినేవాడిని మినహాయిస్తుంది, 'మన' కలుపుకొంటుంది. వంశీ 'మా పసలపూడి కథలు'లోని 'మా' పాఠకుణ్ణి అతిథిని చేస్తుంది. ఆతిథ్యం ఇవ్వగలిగేది సొంత ఇల్లు నిండుగా ఉన్నవారే. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'లో సర్వనామం లేకపోయినా, నూరు కథలకు చాలినంత జనసమృద్ధి ఆ ఊరిపేరు వెనుక ఉంది. పైన పరిశీలించిన అనంతపురం శీర్షికలలో ఈ ఆహ్వానస్వరం వినిపించదు.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' (కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 2019) ఈ క్రమంలో చివరి మెట్టు. 18వ శతాబ్దంలో, హండె పాలకుల కాలపు అనంతపురం నేపథ్యంగా సాగే ఈ నవల శీర్షికలో స్థలనామమే లేదు. విశేషణపూర్వపద కర్మధారయం ఆ స్థానాన్ని ఆక్రమించింది. 'అనంతపురం చరిత్ర' ఏ పాలకుల వృత్తాంతమో, 'శప్తభూమి' ఆ కాలపు సామాన్యుల, అణగారిన కులాల వృత్తాంతం. రెండింటినీ పక్కపక్కన చదివినప్పుడు, మొదటి గ్రంథంలోని ఊరిపేరు ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో రెండవది తెలుపుతుంది. శపించినదెవరన్న ప్రశ్నను మాత్రం శీర్షిక తెరిచే ఉంచుతుంది. ఆ ప్రశ్నకు ప్రకృతి ఒక్కటే సమాధానం కాదని నవల చదివినవారికి బోధపడుతుంది.

7. పఠనయాత్రకు హద్దులు

ఈ రచనలను స్థలపరిచయ గ్రంథాలుగా చదవడంలో ఒక ప్రమాదం ఉంది. కరువు అనే ఒక్క ముద్రతో ప్రాంతమంతా తెలిసిపోయిందన్న భ్రమ కలుగుతుంది. 'పెన్నేటి పాట' 1950ల నాటి రచన. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణాజలాలు హంద్రీ–నీవా పథకం ద్వారా 2012లో జీడిపల్లికి చేరాయి. 2022 జిల్లాల పునర్విభజనతో పెనుగొండ, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. పుటల్లోని ఊరు నిశ్చలం, నేలమీది ఊరు చలనశీలం. శీర్షికలోని పేరును నేటి పటంలోని పేరుతో సమానం చేయడం పరిశోధనలో కాలదోషానికి దారితీస్తుంది.

రెండవ హద్దు నైతికమైనది. వానలు తప్పిన ఏడు బెంగుళూరు వంటి నగరాలకు వలసపోయే కుటుంబాలున్న సీమ ఇది. కదలకుండా ప్రయాణించగలిగే పాఠకుడు, నిలవాలనుకొన్నా కదలక తప్పని మనిషి గురించి చదువుతున్నాడు. ఈ అసమానతను మరచిన పఠనంలో కరువు కూడా ఒక దర్శనీయస్థలంగా మారిపోతుంది. పాఠకుడికి అతిథిమర్యాదలు దక్కకపోవడమే ఈ శీర్షికల విలువ అనడానికి కారణం ఇదే.

8. ముగింపు

పరిశీలించిన రచనలలో స్థలనామం క్రమంగా పొందిన మార్పు స్పష్టం. 'అనంతపురం చరిత్ర'లో అది పాలకుల చిరునామా. 'ముసలమ్మ మరణం'లో మనిషి పేరు వెనుకకు తప్పుకొన్నది. 'పెనుగొండ లక్ష్మి', 'హంపీ నుంచి హరప్పా దాక' శీర్షికల్లో శిథిలాన్ని సూచించింది. 'పెన్నేటి పాట'లో విభక్తిరూపంగా మిగిలి, 'శప్తభూమి'లో శాపవిశేషణానికి చోటిచ్చి అదృశ్యమైంది. స్థలనామ శీర్షికల అధ్యయనం నామవిజ్ఞానంతో ఆగక, సమాసనిర్మాణాన్ని, రచనాకాలాన్ని, పాఠకుడి స్థానాన్ని కలిపి చూడవలసి ఉందని దీనివల్ల తేలుతున్నది. బుక్కరాయసముద్రమన్న పేరులో సముద్రాన్ని వెదికేవాడికి నిరాశే ఎదురవుతుంది. ఆ పేరు పెట్టినవారి దాహాన్ని గుర్తించినవాడు, ఇల్లు కదలకపోయినా, ఆ ఊరికి కొంత దగ్గరగా చేరినవాడే.