రొయ్య మొప్పలో లాకు

కార్తీకంలో వానలు దంచి కొట్టాక మైపాడు, ఇందుకూరుపేట వైపు రైతులు ‘సెలినిటీ పడిపోయింది’ అంటారు. రొయ్యల గుంటలో నీళ్ళు చప్పబడ్డాయని అర్థం. అందులోని వెనామీ రొయ్య రక్తం మాత్రం అంతగా పలచబడదు. ఒంట్లోంచి జారిపోయే ఉప్పును ఆ చప్పటి నీళ్ళలోంచే అది మళ్ళీ రాబట్టుకుంటుంది. ఏటికి ఎదురీదే పని ఇది, ఊరికే జరగదు. తిన్న మేతలో కొంత దీనికే ఖర్చవుతుంది.

పని జరిగేది మొప్పల్లో. మొప్పకణానికి ఒక ముఖం నీటివైపు, ఇంకొకటి రక్తంవైపు. రక్తంవైపు పొరలో సోడియం–పొటాషియం పంపు అనే ప్రోటీను కిక్కిరిసి ఉంటుంది. పంపు అన్నామని గట్టుమీది మోటారును ఊహించుకోవద్దు. బకింగ్‌హాం కాలువ లాకులు ఇంకా దగ్గరి పోలిక: ఒక తలుపు మూశాకే రెండోది తీయాలి.

మొదట లోపలి తలుపు తెరిచి ఉంటుంది. కణంలోని మూడు సోడియం అయాన్లు వచ్చి తమకు సరిపడే గూళ్ళలో కూర్చుంటాయి. అప్పుడు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తన మూడు ఫాస్ఫేట్లలో చివరిదాన్ని ప్రోటీనుకు అంటిస్తుంది. లోపలి తలుపు పడుతుంది. ప్రోటీను మెలి తిరిగి రక్తంవైపు తెరుచుకుంటుంది. ఆ మెలికలో గూళ్ళ కొలతలూ మారిపోతాయి! సోడియం పట్టు దొరక్క జారిపోతుంది, పొటాషియానికి చోటు అమరుతుంది. రెండు పొటాషియంలు ఎక్కగానే ఫాస్ఫేటు ఊడుతుంది, బయటి తలుపు పడుతుంది, పంపు మళ్ళీ కణంలోకి తెరుచుకుని వాటిని దించేస్తుంది. ఒకదాన్ని వదలడానికీ ఇంకొకదాన్ని పట్టడానికీ వేరే ఏర్పాటేమీ లేదు, ఆ ఒక్క మెలికే.

ఇలా తోడేస్తూ ఉండడంవల్ల కణంలో సోడియానికి ఎప్పుడూ కొరతే. ఆ కొరతే నీటివైపు ముఖంలోని వేరే దారుల గుండా కొత్త సోడియాన్ని లోపలికి లాగుతుంది.

డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కౌ 1957లో ఈ పంపు ఆచూకీ తీసింది పీత కాళ్ళ నరాల్లో. 1997లో నోబెల్ వచ్చింది. ఈ పంపును నడిపే ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి వేరుచేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు.

సముద్రపు నీటిలో పొటాషియం ఒక పాలైతే సోడియం సుమారు 28 పాళ్ళు. ఉప్పు తక్కువున్న బోరునీటి గుంటల్లో ఆ ఒక్క పాలూ కరువవుతుంటుంది. అప్పుడు లాకు సగం తిరిగి, రెండో సగానికి ఎక్కేవాళ్ళు లేక మందగిస్తుంది. మోల్టింగ్ వేళ, అంటే పెంకు విడిచేటప్పుడు, రొయ్యలు చనిపోతాయి. అందుకే మినరల్స్‌తో పాటు పొటాష్ చల్లుతారు. గట్టుమీంచి విసిరిన ఆ పిడికెడు కరిగి, రొయ్య రక్తానికెక్కి, చివరికి చేరేది ఆ రెండు గూళ్ళలోకే.