యతీం వయసెంత?

భీమడోలు స్టేషన్లో సంచీతో దిగిన ఓ యతీం కుర్రాణ్ణి ఊహించండి. నిన్నటితో 18 నిండాయి. హోం గేటు వెనక మూసుకుంది. కొల్లేటి చేపల చెరువుల మీద పని వెతుక్కోవాలి. ఇవాళ్టి నించి ఇతను యతీం కాదా?

యతీముల ఆస్తి అప్పగించేందుకు ఖురాన్ నిసా అధ్యాయం రెండు షరతులు పెట్టింది. వయసు రావాలి, వివేకం కనబడాలి. మొదటిది బులూగ్, రెండోది రుష్ద్.

మేం 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని ఈ రెండు మాటలతో చదివాం. 18 నించి 21 దాకా అనంతర సంరక్షణ అంటూ ఒకటుందని చట్టమే ఒప్పుకుంది. అంటే రుష్ద్ సంగతి దానికీ తెలుసు. కానీ 46వ సెక్షన్లో ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అని ఉంది, ‘ఇచ్చి తీరాలి’ అని లేదు. ఆ ఒక్క క్రియాపదం మీద ఒక బతుకు వేలాడుతోంది. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు నెలకు 4000 రూపాయలన్నాయి. డబ్బు సరే, పేరు వినగానే ‘గది ఖాళీ లేద’నే ఇంటి ఓనరు ముందు హామీ ఎవరుంటారు? బ్యాంకు ఖాతాకి, రేషన్ కార్డుకి వెంట ఎవరు నడుస్తారు?

సర్కారుని అనడం తేలిక. మరి మన సంగతో? రంజాన్లో యతీంఖానాకి జకాత్ ఇచ్చి రసీదు దాచుకుంటాం. బయటికొచ్చిన కుర్రాడు ఏమయ్యాడని పత్రికల్లో పనిచేసే మేమే అడగలేదు. అస్తిత్వం మీద వ్యాసాలు మాత్రం రాశాం. చిరునామాయే లేనివాడికి ఏ అస్తిత్వం?

బులూగ్ వయసుతో వస్తుంది. రుష్ద్‌ని పక్కనున్న మనిషే కనిపెట్టాలి. ఆ మనిషి మనలో ఎవరు?