దయ్యం ఎవరింట్లో ఉంది?

దయ్యాల కథలు రాసే మాబోటివాళ్లకి హైదరాబాదు పాతబస్తీ రెడీమేడ్ సెట్టింగు. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడి ఉంది. పాయిగా నవాబుల మహలు. యూరప్ పద్ధతిలో ఎత్తయిన స్తంభాలు, ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక పెచ్చులూడిన గోడలు. ఓ అర్ధరాత్రి వాన, తాళం వేసిన ఓ గది తగిలిస్తే సగం కథ అయిపోయినట్టే. ఆ ముందు మైదానంలో క్రికెట్ ఆడే కుర్రాళ్లు మాత్రం మన కథల్లోకి రారు.

గోథిక్ కథలనే ఈ పాడుబడ్డ కోటల భయానికి సరంజామా 1764 నాటిది. హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’లోనే కోట, సొరంగం, పారిపోయే ఆడపిల్ల, మనవణ్ణి వెంటాడే తాత పాపం అన్నీ ఉన్నాయి. రాసింది ఇంగ్లిషువాడు, కథ జరిగింది ఇటలీలో. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా ఉడాల్ఫో కోటని ఇటలీ కొండల్లోనే నిలబెట్టింది. ఆవిడ ఇటలీ చూడనే లేదు! ప్రొటెస్టెంట్ ఇంగ్లండుకి భయమంతా కాథలిక్కుల మఠాల్లో, పరాయివాళ్ల కోటల్లో కనిపించింది. నవాబుల మహలు అనగానే ఆత్మల్ని దింపేసే మనమూ అదే చేస్తున్నాం.

అలాగని గోథిక్‌ని అటకెక్కించక్కర్లేదు. గబ్బిలాలు తీసేసినా అది నిలబడుతుంది. పెద్దలు దాచిన తప్పు పిల్లల మెడకి చుట్టుకోవడమే దాని ప్రాణం. ఇంకో కిటుకు జంటరూపం. అది చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఒకే దుంగలో ఇద్దర్ని చెక్కిన బొమ్మ ఉంది. ఎదురుగా తలెగరేసిన మెఫిస్టోఫిలిస్ అనే పిశాచం, వీపు వైపు తల దించుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. వెనకున్న అద్దంలోకి చూస్తేగానీ ఆమె కనబడదు. నెత్తురు లేదు, పుర్రె లేదు. మనిషికి మనం చూడని ఇంకో మొహం ఉంటుందని తెలిసినప్పుడు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. నేను రాసేటప్పుడు ఆ అద్దం ఎక్కడ పెట్టాలన్నదే ముందు ఆలోచిస్తాను. దయ్యం సంగతి తర్వాత.

కొత్తగా రాసేవాళ్లకి ఒక మాట. ఎవరి దేవిడిలోకో దూరకండి. మీ తాతగారి ట్రంకుపెట్టె తెరిచి, పొలం కాగితాలు చదవండి. అడుగున ఉన్న వేలిముద్ర ఎవరిది, ఎంతకి వేయించారు, ఆ మనిషి తర్వాత ఏమయ్యాడు అని ఇంట్లో అడగండి. ఎవరూ జవాబు చెప్పకపోతే మీకు కథ దొరికినట్టే.