రాధేయుని పెంపకము

కర్ణపాత్రను విమర్శించువారు సామాన్యముగా అతని జన్మరహస్యము నొద్దనే నిలిచిపోవుచున్నారు. కన్నతల్లి విడిచిన బిడ్డ గనుక బ్రతుకంతయు వెలితితోనే గడపెనని వారి తాత్పర్యము. మాకది సమంజసముగా తోచదు. విడువబడిన బిడ్డను ఎత్తుకొని పెంచిన ఇల్లొకటి కలదు. ఆ ఇంటి గడప త్రొక్కకయే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆంధ్రమహాభారతమున ఈ కథ ముగ్గురు కవుల చేతులలో పడినది. అస్త్రవిద్యాప్రదర్శనఘట్టము నన్నయది, ఉద్యోగపర్వమున కృష్ణునితోను కుంతితోను జరిగిన సంభాషణములు తిక్కనవి, కుంతి కన్యాత్వమునాటి కథను విపులముగా చెప్పు అరణ్యపర్వశేషము ఎఱ్ఱనది. అనగా కథలో ముందుగా జరిగిన పరిత్యాగమునకు విపులరూపము, 13వ శతాబ్దిలో కర్ణుడు సమాధానము చెప్పిన పిదప, 14వ శతాబ్దిలో గాని తెలుగున రాలేదు. పరిశోధకవిద్యార్థులు ఈ క్రమమును గమనింపదగును.

వ్యాసమూలమున కర్ణుడు కృష్ణునికిచ్చిన ప్రత్యుత్తరమును నిదానముగా చదువవలెను. తన్ను చూచినంతనే వాత్సల్యముచేత రాధకు పాలు చేపినవట. ఆమె తన మలమూత్రముల నెత్తినదట. అధిరథుడు జాతకర్మ చేయించెను, వసుషేణుడని పేరు పెట్టించెను, యౌవనమున పెండ్లిండ్లు చేసెను. సమస్తభూమి యిచ్చినను, బంగారురాసులు పోసినను ఈ బంధమును అబద్ధము చేయజాలనని కర్ణుడనును. ఇందు అతడు ఎన్నుకొన్న వస్తువులను చూడుడు. సామ్రాజ్యమునకు ఎదురుతట్టలో అతడు పెట్టినది పసిబిడ్డకు చేసిన చాకిరి!

1951లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన గ్రంథమున జాన్ బౌల్బీ, శిశువు మానసికారోగ్యమునకు తల్లితో గాని, తల్లిస్థానమున స్థిరముగా నిలిచిన వేఱొకరితో గాని ఎడతెగని ఆప్యాయసంబంధము అవసరమని ప్రతిపాదించెను. ఇతిహాసమును ఈ కొలబద్దతో కొలువవలెనని మా అభిప్రాయము కాదు. అయినను "వేఱొకరు" అను ఆ మాటకు రాధకంటె చక్కని ఉదాహరణము మాకు కానరాదు.

రంగస్థలమునకు వత్తము. అంగరాజ్యాభిషిక్తుడైన క్షణముననే చెమటలు క్రమ్మి, వణకుచు, ఉత్తరీయము జారగా ముసలి సూతుడు ప్రవేశించును. సభ యంతయు చూచుచుండగా కర్ణుడు విల్లు దించి, అభిషేకజలముతో తడిసిన తలను అతనికి వంచును. సిగ్గుపడి ముఖము చాటువేయుటకు అంతకంటె అనువైన వేళ లేదు. అతడు సిగ్గుపడలేదు. భీముని ఎగతాళి పిదప వచ్చినది. కాబట్టి గాయము చేసినది సభయే గాని ఇల్లు కాదు.

ఇంత చల్లని పెంపకమున పెరిగినవాడు ద్యూతసభలో ద్రౌపది నట్లు ఏల దూషించెనని అడుగవచ్చును. ఈ ప్రశ్నను దాటవేయు కర్ణపక్షపాతులతో మాకు పొత్తు లేదు. మూలమున కర్ణుడే, దుర్యోధనుని ప్రీతికై పాండవులను పరుషములాడితినని, దానికిప్పుడు తపించుచున్నానని కృష్ణునితో ఒప్పుకొనును. చేసిన మేలు మఱవకుండుట రాధ యింట అబ్బిన గుణమే యని మేము తలంచుచున్నాము. ఆ గుణమే, పదిమందిలో తనకు గౌరవమిచ్చిన మొదటివాడు దుర్యోధనుడగుటచే, అతనికిని తాకట్టుపడినది. పెంపకము కృతజ్ఞతను నేర్పినది. అది ఎవరికెంత చెల్లింపవలెనో నిర్ణయించు వివేకము వేఱు.

గంగాతీరమున కర్ణుని జపము ముగియువఱకు కుంతి ఎండకు వాడి, అతని ఉత్తరీయపు నీడలో నిలిచియుండెను. వెనుదిరిగి చూచి, ఆమె నోరు తెఱవకముందే, తాను రాధేయుడనని, అధిరథుని కొడుకునని చెప్పుకొని అతడు నమస్కరించెను. జన్మరహస్యము అప్పటికే అతనికి తెలియును.