కోడు చూసి పంపు విప్పని మేస్త్రి

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కోడు ఏమిటో తెలుసుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. డాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో చిన్న బ్లూటూత్ ముక్క గుచ్చితే సెల్‌ఫోన్‌లోనే పి0087 అని పడుతుంది. నెట్‌లో కొడితే ‘రైలులో (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులో) డీజిల్ ప్రెషర్ తక్కువ’ అని అర్థం కూడా దొరుకుతుంది. అది చూసి నేరుగా పంపు షాపుకు పరిగెత్తేవాళ్లే ఎక్కువ. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక మేస్త్రి మాత్రం ఆ కోడు చూశాక స్పానర్ ముట్టుకోలేదు. బండి యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

బండి మొదటి తరం థార్ సీఆర్‌డీఈ. మహీంద్రా 2010లో తెచ్చిన మోడల్. 2,498 సీసీ, నాలుగు సిలిండర్లు, 105 హార్స్‌పవర్. పైకి పాత జీపు ముఖమే కానీ బానెట్ కింద కామన్ రైల్ డీజిల్ ఇంజిను, దాని మీద పెత్తనం చేసే కంప్యూటర్, ఈసీయూ, ఉంటాయి. 2020లో కొత్త థార్ రావడంతో ఇది పాత బండి అయిపోయింది. అయినా బురదకీ వాగులకీ కొండలకీ దీన్నే నమ్ముకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బురదలో, నీళ్లలో, గతుకుల్లో తిరిగే బండికి కంప్యూటర్ కన్నా ముందు వైర్లూ సాకెట్లూ పైపులే దెబ్బతింటాయి. పాత ఆఫ్‌రోడ్ బండిలో కోడు చదివేటప్పుడు ముందు గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

కోడు రాసే పద్ధతిలోనూ మంచి పనితనం ఉంది. అక్షరం ఒకటి, అంకెలు నాలుగు. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్; బి బాడీ; సి ఛాసిస్; యు కంప్యూటర్ల మధ్య మాటలు నడిచే వైర్లు. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంతం. పి కోడ్లలో మూడో స్థానంలో 0, 1, 2 ఉంటే గాలి, ఇంధనం లెక్కలు. 3 ఉంటే మిస్‌ఫైర్. 4 ఉంటే పొగ నియంత్రణ. డీజిల్ బండ్లకు మామూలుగా వచ్చే పి0401, అంటే పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌లో ప్రవాహం చాలలేదన్న కోడు, ఆ చివరి కుటుంబానిదే. ఎక్కడ వెతకాలో చెబుతుంది గానీ ఏది మార్చాలో ఏ కోడూ చెప్పదు. అది ఎఫ్‌ఐఆర్ లాంటిది, తీర్పు కాదు. పి0087 వెనక ఫిల్టర్, గాలి, పంపు, మీటరింగ్ వాల్వ్, ఇంజెక్టర్లు, ఆఖరికి ప్రెషర్ కొలిచే సెన్సర్, వీటిలో ఎవరైనా ఉండొచ్చు.

మేస్త్రి అడిగిన ప్రశ్నలు మామూలువే. “పొద్దున్నే సెల్ఫ్ అందుకుంటోందా సార్?” అందుకుంటోంది. “ప్లెయిన్‌లో లాగుతోందా?” లాగుతోంది. “మరి లైటు ఎప్పుడొచ్చింది?” ఘాట్‌లో, మూడో గేరులో, నలుగురు ఎక్కినప్పుడు. లైటు వెలగగానే పికప్ పోయిందట, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలేనట. ఇక స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాడు. కోడు పడిన క్షణంలో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది, ఎంత లోడు మీద ఉంది, ఎంత వేడెక్కింది అని ఈసీయూ తీసిపెట్టుకునే ఫొటో అది. యజమాని మాటకూ ఆ ఫొటోకూ పొత్తు కుదిరింది. లోడు మీదే జబ్బు.

తర్వాత సెన్సర్ వంతు. సాక్షి నిజం చెబుతున్నాడో లేదో తేల్చుకోవాలి కదా. ఇంజిన్ ఆపి, కాసేపు ఆగి, కీ మాత్రం ఆన్ చేశాడు. రైలు ప్రెషర్ సున్నా దగ్గరుంది, సెన్సర్ వోల్టేజీ అర వోల్టు దగ్గరుంది. అంటే సెన్సర్ మీద అప్పటికి అనుమానం లేదు. స్టార్ట్ చేస్తే ఈసీయూ అడిగిన ప్రెషర్, రైలులో ఉన్న ప్రెషర్ మూడొందల బార్ దాపుల్లో జంటగా కదిలాయి. షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే తేడా ఏం రాలేదు. ఇక్కడితో ఆగి “బండి బాగానే ఉంది సార్” అని కోడు చెరిపేసి పంపేవాళ్లు నాకు తెలుసు. ఈయన నలుగురిని ఎక్కించుకుని సింహాచలం కొండ రోడ్డు పట్టాడు. అక్కడ దొరికింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అడిగే అంకె వెయ్యి దాటి పైకి పోతోంది, ఉన్న అంకె వెనకబడుతోంది.

ఇప్పుడు పంపు విప్పడానికి కారణం దొరికినట్టే. అయినా విప్పలేదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టాడు. అరిగిన ఇంజెక్టర్ ఉంటే దాని సీసా ముందు నిండుతుంది, ప్రెషర్ అటు కారిపోతున్నట్టు లెక్క. నాలుగూ ఒకే మట్టంలో నిలిచాయి. ఇంజెక్టర్లు నిర్దోషులు. ఆపైన ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక అడుగు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు వేసి ఇంజిన్‌ను రేస్ చేశాడు. డీజిల్‌తో పాటు సన్నటి బుడగలు వరసగా వచ్చాయి.

గాలి పడుతోంది. ఎక్కడి నుంచి? ఛాసిస్ కింద డీజిల్ తడి లేదు, చుక్క కారిన మరక లేదు. ఉండదు కూడా. ట్యాంకు నుంచి వచ్చే పైపులో పంపు లాగే పీల్పు ఉంటుంది గనక, పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. మరక కోసం వెతికేవాడికి అది ఎప్పటికీ కనపడదు. మేస్త్రి బండి కింద దూరి రబ్బరు పైపును వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లాడు. ఫిల్టర్‌కు జేనెడు ఇవతల, క్లిప్పు బిగిసిన చోట రబ్బరు గట్టిపడి వెంట్రుకవాసి చీలింది. ఐడిల్‌లో ఆ చీలిక పెద్దగా బాధించదు. కొండెక్కేటప్పుడు ఇంజిన్ డీజిల్ ఎక్కువ అడుగుతుంది, పీల్పు పెరుగుతుంది, అప్పుడే గాలీ ఎక్కువ పోతుంది. కొత్త పైపు ముక్క, రెండు క్లిప్పులతో పని అయిపోయింది. మళ్లీ కొండెక్కిస్తే రెండు అంకెలూ జంటగానే నడిచాయి.

ఆయన చేతిలో చూసిన మరో చిట్కా కూడా చెప్పాలి. పి0118 అంటే కూలెంట్ వేడి సెన్సర్ సిగ్నల్ మరీ ఎక్కువ. స్కానర్‌లో ఇంజిన్ వేడి మైనస్ 40 చూపిస్తుంది. విశాఖలో మైనస్ 40 ఏమిటండీ! ఎక్కడో వైరు తెగితే ఈసీయూ పంపే ఐదు వోల్టులు తగ్గకుండా నిలిచిపోతాయి, దాన్నది అతి చలి అనుకుంటుంది. మేస్త్రి సెన్సర్ సాకెట్ ఊడదీసి, రెండు పిన్నులనూ ఒక వైరు ముక్కతో కలుపుతాడు. తెర మీద అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా పై కొసకు ఎగిరితే వైరింగ్ బాగున్నట్టు, చెడింది సెన్సర్. కదలకపోతే సెన్సర్ కొనడం దండగ, వైరు వెతుక్కోవాలి. అర నిమిషం పరీక్ష. ఇక నాలుగైదు సెన్సర్ల కోడ్లు ఒకేసారి వస్తే ఆయన సెన్సర్ల జోలికే పోడు. అన్నీ ఒకే రోజు చావవు కదా అంటాడు. ముందు బ్యాటరీ, ఎర్తు, వాటన్నిటికీ కలిసొచ్చే ఐదు వోల్టుల వైరు చూస్తాడు.

ఇలాంటి మేస్త్రి ఊరూరా దొరకడు. అందుకే పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక్క మాట. లైటు వెలిగిందని బ్యాటరీ టెర్మినల్ పీకకండి, కోడు వెంటనే చెరిపించకండి. కోడుతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ముందు రెండింటినీ ఫోనులో ఫొటో తీసుకోండి. బండి ఎక్కడ, ఏ గేరులో, ఎంత లోడు మీద ఉండగా లైటు వెలిగిందో రాసిపెట్టుకుని, ఆ తర్వాతే షెడ్డుకు వెళ్లండి.