గెలీలియో లేఖను ఎలా చదవాలి?

'శాస్త్ర విప్లవం – చర్చి' అన్న ప్రశ్నకు విద్యార్థులు రాసే జవాబులు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. చర్చి అజ్ఞానం వైపు, గెలీలియో సత్యం వైపు; చర్చి శిక్షించింది, చివరికి సత్యం గెలిచింది. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దిన నాకు ఈ వరస కంఠతా వచ్చు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని 1543లో అచ్చయిన కోపర్నికస్ గ్రంథంపై రోము వేటు 1616లో గాని ఎందుకు పడలేదన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు. అందుకోసం 1615లో గెలీలియో టస్కనీ పాలకుని తల్లి క్రిస్టీనాకు రాసిన దీర్ఘలేఖను పరిశీలిద్దాం.

ముందు కోపర్నికస్ సంగతి గుర్తు చేసుకోండి. అతడు కాథలిక్ చర్చిలో పదవి ఉన్నవాడు. గ్రంథ ప్రచురణకు అతణ్ని ఒప్పించిన రెటికస్, లూథర్ బోధించిన విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యువకుడు. పుస్తకం అచ్చయింది లూథరన్ నగరం న్యూరెంబర్గ్‌లో. అంకితం పోప్ మూడవ పాల్‌కు. ఒసియాండర్ అనే లూథరన్ బోధకుడు తన పేరు పెట్టకుండా ఒక ముందుమాట చేర్చి, ఇదంతా లెక్కల సౌకర్యం కోసం చేసిన ఊహ, నిజమని నమ్మనక్కరలేదని రాశాడు. లూథర్ తిరుగుబాటు మొదలై పాతికేళ్లు దాటినా ఒక పుస్తకం రెండు శిబిరాల మధ్య ఇలా తిరగగలిగింది.

1546లో ట్రెంట్ మతసభ ఒక తీర్మానం చేసింది. విశ్వాసానికి, నీతికి సంబంధించిన విషయాల్లో చర్చి పితరుల ఏకాభిప్రాయానికి విరుద్ధంగా ఎవరూ సొంతబుద్ధితో బైబిల్‌కు అర్థం చెప్పరాదు. ఇది ఖగోళ శాస్త్రాన్ని ఉద్దేశించినది కాదు, ప్రొటెస్టెంట్ల గ్రంథపఠనానికి వేసిన అడ్డుకట్ట. 1610 తరువాత దూరదర్శిని పరిశీలనల బలంతో, భూమి తిరగడం ఊహ కాదు, వాస్తవమే అన్న వాదం బైబిల్ వాక్యాల దాకా వచ్చినప్పుడు, ఈ కట్టే ఎదురైంది.

లేఖలో గెలీలియో వాదన ఇది: గ్రంథం సామాన్యులకు అర్థమయ్యే భాషలో మాట్లాడుతుంది; ప్రకృతి విషయాలను అనుభవం, నిరూపణ తేల్చాలి. ఇందుకు సెయింట్ ఆగస్టీన్‌ను పదేపదే సాక్ష్యానికి పిలుస్తాడు. ఈ భాగం నేటికీ గట్టిదే. చివరికి వచ్చేసరికి మాత్రం యెహోషువ సూర్యుణ్ని నిలిపిన ఘట్టాన్ని తీసుకుంటాడు. సూర్యుని స్వీయభ్రమణమే గ్రహాలను నడుపుతుంది గనక, సూర్యుడు ఆగితే అన్నీ ఆగి పగలు పొడుగవుతుందని, ఆ వాక్యానికి కోపర్నికస్ విధానంలోనే అర్థం బాగా కుదురుతుందని అంటాడు. నా దృష్టిలో లేఖ తడబడింది ఇక్కడే. గ్రంథాన్ని ఖగోళ పాఠంగా వాడవద్దని అంతసేపు చెప్పి, తానే వాడాడు. పైగా మతపండితుడు కాని గృహస్థు బైబిల్‌కు కొత్త అర్థం చెప్పడం ఆనాటి రోములో ఎవరిని గుర్తుకు తెచ్చి ఉంటుందో మీరే ఊహించండి.

కార్డినల్ బెల్లార్మిన్ ప్రొటెస్టెంట్లపై వాదగ్రంథాలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. 1615 ఏప్రిల్‌లో ఫోస్కారిని అనే సన్యాసికి జవాబిస్తూ ట్రెంట్ తీర్మానాన్నే ముందుపెట్టాడు. నిజమైన నిరూపణ ఉంటే వ్యాఖ్యానాన్ని జాగ్రత్తగా సరిచూసుకోవలసిందే, అయితే అలాంటిది తనకెవరూ చూపలేదని అన్నాడు. ఆ రెండో మాటను కొట్టిపారేయలేం. గెలీలియో నమ్ముకున్న ఆటుపోట్ల వాదన తప్పు. నక్షత్ర స్థానభేదాన్ని బెస్సెల్ కొలిచింది 1838లో.

1616 మార్చి ఉత్తర్వు చూడండి. కోపర్నికస్ గ్రంథాన్ని సవరించేదాకా నిలిపివేశారు. ఆ సిద్ధాంతం బైబిల్‌తో పొసగుతుందని వాదించిన ఫోస్కారిని పుస్తకాన్ని పూర్తిగా నిషేధించారు. ఖగోళ గ్రంథానికి సవరణ, బైబిల్ వ్యాఖ్యానానికి నిషేధం! పరీక్షలో ఈ తేడాను తప్పక రాయండి.

ఇలా అన్నంత మాత్రాన 1633 తీర్పును సమర్థిస్తున్నానని అనుకోవద్దు. దాదాపు డెబ్బై ఏళ్ల వృద్ధుణ్ని మోకాళ్లపై నిలిపి తన నమ్మకాన్ని కాదనిపించడం, చనిపోయేదాకా గృహనిర్బంధంలో ఉంచడం అన్యాయమే. అవతలి శిబిరం ఉదారమైనదనీ కాదు. కాథలిక్కుగా మారనందుకు కెప్లర్ 1600లో గ్రాట్స్ విడిచిపోవలసి వచ్చింది. తరువాత లింజ్‌లో, తమ విశ్వాస పత్రానికి పూర్తిగా ఒప్పుకోలేదని సొంత లూథరన్ బోధకుడే ప్రభు భోజన సంస్కారానికి రానివ్వలేదు.

తన చర్చి పొరపాటు చేయకూడదని ఒక కాథలిక్ రాసిన ఆ లేఖ, చేతిరాత ప్రతులుగా తిరిగి, చివరికి 1636లో అచ్చయింది. ఆ ఊరు లూథరన్ల చేతిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్.