కత్తి లేని జానపదం

ఆరు నిమిషాలకు పైగా ఒక్క మాట ఉండదు. వెదురు పొదల మధ్య దయ్యాలు ఆడుతుంటాయి. వినిపించేది తాళం ఒక్కటే. సత్యజిత్ రాయ్ 1969లో తీసిన బెంగాలీ చిత్రం ‘గూపీ గైన్ బాఘా బైన్’లో ఈ ఘట్టాన్ని చాలామంది వింతగా చూసి, నవ్వుకుని ముందుకు సాగిపోతారు. సినిమా చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆ దయ్యాలు నాలుగు వర్గాలు: రాజులు, రైతులు, తెల్లదొరలు, బొజ్జలవాళ్ళు. బొజ్జలవాళ్ళలో షావుకారూ ఉన్నాడు, పాదిరీ ఉన్నాడు, పండితుడూ ఉన్నాడు. వీళ్ళ ఆటకు కావలసిన సంగీతాన్ని రాయ్ మన దక్షిణాది తాళవాద్య కచేరీ నుంచి తీసుకున్నాడు. శాస్త్రీయ గాంభీర్యమున్న మృదంగం రాజులకు, కంజీర రైతులకు, కాస్త బిగుసుకుపోయినట్టు పలికే ఘటం దొరలకు, నవ్వు పుట్టించే మోర్సింగ్ బొజ్జలకు. దొరలను తీసేటప్పుడు కెమెరా వేగం తగ్గించడంతో తెరమీద వాళ్ళ నడక మరబొమ్మల నడకలా తయారైంది. తని ఆవర్తనంలో ఈ వాద్యాలు ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం మనకు అలవాటే. ఇక్కడ లయ హెచ్చేకొద్దీ ఎవరి వర్గంలో వాళ్ళే కలబడతారు. రాజు రాజుతో, రైతు రైతుతో. చివరికి నాలుగు వర్గాలూ ఒకదానిపై ఒకటి వరసలుగా నిలిచి, ఒకే తాళానికి ఆడతాయి. మన దేశపు సాంఘిక చరిత్రను ఇంత తక్కువ సరంజామాతో చెప్పిన దృశ్యం నేను మరొకటి చూడలేదు.

మూలకథ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురిది. 1915లో ‘సందేశ్’ పిల్లల పత్రికలో వచ్చింది. దయ్యాల రాజు పాటగాడు గూపీకి, డోలు వాయించే బాఘాకు మూడు వరాలిస్తాడు: చప్పట్లు కొడితే కూడూ గుడ్డా, తొడుక్కుంటే కోరినచోటికి తీసుకుపోయే చెప్పులు, విన్నవాళ్ళను కదలనివ్వని పాట. మన జానపదాల్లోనైతే ఈపాటికి హీరో చేతికి కత్తి వచ్చేది. వీళ్ళకు రాలేదు. శుండీ రాజ్యం మీదికి హల్లా రాజ్యం దండెత్తబోతుంది. ఇద్దరు రాజులూ అన్నదమ్ములు. ఇద్దరి వేషమూ సంతోష్ దత్తాదే. శత్రువుకు మన మొహమే ఉందని చెప్పడానికి ఒక్క సంభాషణ కూడా అక్కరలేకపోయింది. హల్లా రాజు స్వతహాగా పసివాడిలాంటివాడు. మంత్రి పట్టించే మందు తలకెక్కితేనే యుద్ధమంటాడు. ఆ మందు కాచే మాంత్రికుడు బర్ఫీగా వేసింది మన హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు.

రాజస్థాన్ ఇసుకలో ఒంటెల మీద సైన్యం బయలుదేరుతుంది. సైనికులు డొక్కలెండినవాళ్ళు. గూపీ పాట వాళ్ళను ఉన్నచోటే ఆపేస్తుంది. ఆ వెంటనే ఆకాశం నుంచి మిఠాయి కుండలు దిగుతాయి. ఆయుధాలు వదిలి అందరూ కుండల మీద పడతారు. బెంగాల్ వీధుల్లో 1966 నాటి ఆహార ఉద్యమాన్ని చూసిన ప్రేక్షకులు ఆ కుండలను వట్టి మాయగా చూసి ఉంటారా?

అదే జంటతో 1980లో వచ్చిన ‘హీరక్ రాజార్ దేశే’ మరింత సూటిగా మాట్లాడుతుంది. బడి మూయిస్తారు, పుస్తకాలు తగలబెడతారు, అతిథుల కంటపడకుండా పేదలను తరిమేస్తారు. ఎమర్జెన్సీ గుర్తుకు రాక మానదు. ఆ సూటిదనం నాకు అక్కడక్కడా ఎక్కువనిపించింది. కానీ అందులోనూ ఒక పనితనముంది: దాదాపు అందరూ ప్రాసలో మాట్లాడతారు, బడిపంతులు ఉదయన్ తప్ప. పాలకుడి బాణీకి లొంగని మనిషిని చెవితోనే గుర్తుపట్టవచ్చు. జనం బుర్రలు కడగడానికి రాజు చేయించిన యంత్రంలోకి చివరికి ఆ రాజునే నెడతారు. బయటికొచ్చాక తన విగ్రహానికి కట్టిన తాడును జనంతో కలిసి తనూ లాగుతాడు, ఉత్సాహంగా. రాజు వేషంలో ఉత్పల్ దత్ అక్కడ చూపించే ఆ హుషారు కోసమైనా సినిమాను మళ్ళీ చూడవచ్చు.